నాలుగు గ్రాముల దారం

కాదక్కయ్యా, కోనులో దారం తక్కువ వస్తోందని నేను మొత్తుకుంటుంటే మీరు నవ్వుతారేంటి? ఇందులో నవ్వడానికేముంది? ఇదిగో, కాటా కూడా సంచీలో పెట్టుకుని తెచ్చాను. ఆ బొత్తాల డబ్బాలు కాస్త పక్కకి జరపండి. ఆఁ, చాలు. సున్నా చూపిస్తోందా? చూపిస్తోంది కదా? ఆ ఫ్యాను ఒక్క నిమిషం ఆపండి.

గాలికి అరగ్రాము అటూ ఇటూ ఊగుతుంది, అందుకు. నేనైతే తూచేటప్పుడు ఊపిరి కూడా బిగబడతాను. మా ఆవిడ అంటుంది కదా, "ఏదో ఒకరోజు ఆ కాటా ముందే ఊపిరాడక పోతారు, అప్పుడు మిమ్మల్నీ దానిమీదే పెట్టి ఎన్ని గ్రాములు తగ్గారో చూస్తాను" అని. అంటుంది, అలాంటివన్నీ అంటుంది.

జిప్పు కోసం వచ్చిందేమో ఆ అమ్మాయి, ఇచ్చి పంపించండి. నేనెక్కడికీ పోను. నా కంప్లైంటు కూడా ఎక్కడికీ పోదు.

అయిందా? వినండి. మీరు నాకిచ్చినవి మూడు కోన్లు. పచ్చి బఠాణీ రంగు. ఒక్కోదానికి పదిహేను వందల మీటర్లని మీ అట్ట మీదే రాసుంది. పిల్లల హాస్టల్ వాళ్ళు పది బొంతలు కావాలన్నారు. పది బొంతలకి మూడు కోన్లు. ఇది నా లెక్క. నా లెక్క తప్పుతుందా? మీరే చెప్పండి. ఈ వీధిలో నన్ను అందరూ ఏమని పిలుస్తారు? "గ్రాముల మేస్త్రీ" అని. వెనకాల ఇంకేమైనా అంటారేమో, అది నాకు తెలీదు.

ఆ పేరు ఊరికే రాలేదక్కయ్యా. మొదట్లో నేనూ అందరిలాంటి వెర్రివాణ్ణే. అడుగు పొడవు కుట్టు వేస్తే అడుగు దారం చాలనుకున్నాను. నా మొట్టమొదటి బొంతకి సగంలో దారం అయిపోయి, ఇదే దుకాణానికి ఒక్క పూటలో మూడుసార్లు పరిగెత్తుకొచ్చాను. అప్పటికి మీవారున్నారు. "ఏమయ్యా, ఈ దారంతో కుడుతున్నావా, దీన్ని తింటున్నావా?" అన్నారు. నాకు రోషం వచ్చింది. ఇంటికెళ్ళి గుడ్డముక్క, దూది పొర, అడుగు గుడ్డ, మూడూ కలిపి సరిగ్గా అడుగు పొడవు కుట్టు వేశాను. వేసి, విప్పేశాను. విప్పిన దారాన్ని స్కేలు పక్కన పరిచి కొలిచాను. పై దారం, కింది బాబిన్ దారం కలిపితే రెండడుగుల ఎనిమిదంగుళాలు!

చూశారా? దారం పైనుంచి దూదిలోకి దిగాలి, కింద దారాన్ని పట్టుకోవాలి, మళ్ళీ పైకి రావాలి. పైకి చూస్తే అడుగే కనిపిస్తుంది. మిగతాదంతా లోపల ఉంటుంది.

ఆరడుగులకి ఏడడుగుల బొంత, రెండంగుళాలకో గీత. నిలువువీ అడ్డంవీ కలిపి అయిదు వందల నాలుగడుగుల కుట్టు. దాన్ని రెండడుగుల ఎనిమిదంగుళాలతో హెచ్చవేసి, తెగినవీ ముళ్ళవీ అని పదో వంతు కలిపితే, బొంతకి నాలుగు వందల యాభై మీటర్లు. తూకంలో పద్దెనిమిది గ్రాములు. చదువుకున్నవాళ్ళు దీన్నేమంటారో నాకు తెలీదు. నేను ఎనిమిదో తరగతిలో లెక్కలు తప్పి బడి మానేసినవాణ్ణి. ఆ మాస్టారు ఇప్పుడు నన్ను చూస్తే సంతోషిస్తారో, మళ్ళీ గోడకుర్చీ వేయిస్తారో!

ఇప్పుడు సంగతికొస్తా. మొదటి రెండు బొంతలూ పద్దెనిమిది గ్రాముల చొప్పున బుద్ధిగా తిన్నాయి. మూడోది ఇరవై తినేసింది. రెండు గ్రాములు ఎక్కువ! రెండు గ్రాములంటే మీకు చులకనగా ఉంటుంది. యాభై మీటర్లక్కయ్యా! మీ దుకాణం నుంచి ఆ మందుల షాపు దాకా పరుచుకుంటూ పోవచ్చు.

అయిదో బొంతకి మూడు గ్రాములు ఎక్కువ. ఆరోదానికి ఇంకో మూడు. మిషనుకి నూనె వేశాను. సూది మార్చాను. బీరువా కింద ఎలుకలున్నాయేమోనని పొట్ట మీద పడుకుని టార్చి వేసి చూశాను. లేవడానికి మా ఆవిడ చెయ్యివ్వాల్సి వచ్చింది. "ఏం వెతుకుతున్నారు?" అంది. "ఎనిమిది గ్రాములు" అన్నాను. "మీ కాటాకి జలుబు చేసిందేమో" అంది. ఒక్క చిరునవ్వన్నా లేకుండా అంది చూడండీ, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

రాలేదు. నాకు అనుమానం ఎప్పుడూ రావాల్సిన చోట రాదు.

అన్నట్టు, మా వంటింటి క్యాలెండరు సంగతొకటి చెప్పాలి మీకు. దానిమీద రోజూ తారీకు పక్కన పెన్సిలుతో చిన్నచిన్న అంకెలు వేస్తోంది. మా ఆవిడే, ఇంకెవరున్నారు ఇంట్లో? పదిహేనువందల ఎనభై. మర్నాడు పదహారువందల అయిదు. ఆ తర్వాత పదహారువందల ఇరవై. నేనేమనుకున్నానో తెలుసా? మీటర్లనుకున్నాను! నా లెక్క మీద నమ్మకం లేక, ఒక్కో కోనులో ఎన్ని మీటర్లొస్తున్నాయో తను విడిగా లెక్క కడుతోందనుకున్నాను. ఎంత మండిందో! అందులోనూ పదిహేను వందల మీటర్ల కోనులోంచి పదహారువందల ఇరవై ఎలా వస్తాయి? "కూడికలు కూడా రావు, నా మీద పరీక్ష పెడుతోంది" అని లోపల్లోపల నవ్వుకున్నాను కూడా.

నవ్వకండి. కాదులెండి, నవ్వండి. ఇక్కడిదాకా నవ్వొచ్చు.

దారం బీరువాకి తాళం వేశాను. అవునక్కయ్యా, వేశాను. ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను తియ్యనప్పుడు ఇంక తీసేదెవరు? అయినా ఆ మాట నోటితో అనలేదు. "ఎలుకలు" అన్నాను. తాళం వేసుకోవాల్సినంత తెలివైన ఎలుకలు! తను బీరువా ముందు ఒక్క క్షణం నిలబడింది. "మంచిపని చేశారు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రెండో రోజున క్యాలెండరు మీద అంకె తగ్గింది. పదహారువందల తొంభై ఉన్నది పదహారువందల అరవై అయిదయింది. ఆ పూట తను అన్నం ముట్టలేదు. కంచం ముందు కూర్చుంది, లేచింది. మధ్యాహ్నం నేను బయటికెళ్ళి వచ్చేసరికి మిషన్ చప్పుడు వినిపిస్తోంది. గుమ్మంలోంచి చూస్తే వంచిన తల వంచినట్టే ఉంది, తొక్కుతోంది. మిషను పాదం కింద ఉత్త గుడ్డపీలిక. సూదిలో దారం లేదు. ఉత్త సూది టకటకా పొడుస్తోంది, గుడ్డ నిండా చిల్లులు.

నేను వెనక్కి తిరిగి వీధిలోకి వచ్చేశాను. ఏం చెయ్యమంటారు? "ఏమైంది?" అని అడగొచ్చు కదా అంటారా? అడగడం వస్తే నేను ఇన్ని కాటాలు కొనుక్కునేవాణ్ణా?

మందుల షాపాయన అరుగు మీద కూర్చున్నాను. తలనొప్పి మాత్ర ఇస్తూ ఆయనే అన్నాడు, "మీ తమ్ముడికి ఆడపిల్ల పుట్టిందటగా, ఎనిమిదో నెల్లోనే. గాజుపెట్టెలో పెట్టారట పాపం. పుట్టినప్పుడు పదిహేనువందల ఎనభై గ్రాములేనట" అని.

పదిహేనువందల ఎనభై.

మాత్ర నీళ్ళు లేకుండానే మింగేశాను. ఇంటికి పోయి ఆ క్యాలెండరు ముందు నిలబడ్డాను. గ్రాములక్కయ్యా! ప్రపంచంలో నాకు తెలిసింది అదొక్కటే కదా, గ్రాములు! అదే చదవలేకపోయాను. గోడ మీద పిల్ల రోజూ ఇరవయ్యేసి గ్రాములు పెరుగుతుంటే నేను మీటర్లనుకుని ఎగతాళి చేసుకుంటూ టీ తాగాను. ఆ రోజు ఇరవై అయిదు గ్రాములు తగ్గింది, ఇంట్లో వంట ఎవరూ తినలేదు, నేను బీరువా తాళం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

టీ వద్దండీ. చెమటా? పోతే పోయింది, ఫ్యాను మాత్రం వెయ్యకండి. ఇంకా తూచలేదుగా.

అప్పుడు చూశాను మేకు. మా పనిగదిలో తలుపు వెనకాల ఒక మేకుంది. దానికి నీలం గళ్ళ చొక్కా ఒకటి ఆరేళ్ళుగా వేలాడుతోంది. తమ్ముడిది. పనిలో వేసుకునేది. వాడు వెళ్ళిపోయిన రోజున అలాగే వదిలేసి పోయాడు. తనూ తియ్యలేదు, నేనూ తియ్యలేదు. దులిపేటప్పుడు దులిపి మళ్ళీ అక్కడే తగిలించేది. ఆ మేకు ఇప్పుడు బోసిగా ఉంది. ఎప్పటినుంచి బోసిగా ఉందో కూడా నాకు తెలీదు. రెండు గ్రాముల దారం పోతే పొట్ట మీద పాకినవాణ్ణి, నిలువెత్తు చొక్కా పోతే చూసుకోలేదు.

తను కూరగాయలకి వెళ్ళినప్పుడు వెతికాను. పెద్దగా వెతకక్కర్లేకపోయింది. దూది కట్టల వెనకాల, పాత దిండు గలేబులో. మూడడుగులకి మూడడుగుల బుల్లి బొంత. మధ్యలో ఆ నీలం గళ్ళ చొక్కా. చుట్టూ మెత్తటి పాత బట్టలు. తమ్ముడు చిన్నప్పుడు వేసుకున్న లాగూ గుడ్డ కూడా ఒకటుంది, అదెక్కడ దాచిందో! పన్నెండేళ్ళప్పుడు మా అమ్మ పోతే వాణ్ణి తనే పెంచింది కదా. వదినా వదినా అని కొంగు పట్టుకు తిరిగేవాడు. మేం చెప్పినట్టు వినేవాడు కాదు గానీ, మిషను వాడి మాట వినేది. వాడికి ఇష్టమైన డిజైనొకటి ఉండేది, చేప పొలుసులు. ఒకదాని మీదొకటి అర్ధచంద్రాల్లా పేర్చుకుంటూ పోవడం. బొంత నిండా అదే కుట్టింది. అర అంగుళానికొక పొలుసు. పసిపిల్లది కదా, రోజూ ఉతుకుతారు, దూది ముద్దలు కట్టకూడదని అంత దగ్గరగా కుట్టింది.

మీరు నమ్మరు గానీ, నేనేం చేశానో తెలుసా? కొలిచాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, చేతులు మాత్రం టేపు తీశాయి. పురికొస పొలుసుల వంపుల వెంట పరిచి కొలిచాను. ఈసారి దూది మందం చూసుకునే కొలిచాను లెండి. ఇప్పటికి కుట్టింది పదకొండున్నర గ్రాములు. నా దగ్గర పోయింది పన్నెండు. ఆ అరగ్రాము ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ తేలలేదు. పోనివ్వండి. ఒక మూల ఇంకా ఖాళీగా ఉంది, జానెడు కన్నా కాస్త ఎక్కువ. దానికి నాలుగు గ్రాములు కావాలి.

మళ్ళీ మడిచి పెట్టేశాను. తాళమంటారా, క్యాలెండరు అర్థమైన రోజే తీసేశాను. తీసిన పూటే ఆ ఎనిమిదికి తోడు మరో నాలుగు గ్రాములు పట్టుకెళ్ళింది, సంతోషం. ఆ తర్వాత హాస్టల్ వాళ్ళ పదో బొంత మిగిలింది. వాళ్ళ మనిషి మర్నాడు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో ఉన్న బఠాణీ రంగంతా దానికి పోసినా చాల్లేదు. పన్నెండు గ్రాములు తక్కువ కదా మరి! అడుగున తెల్లదారం వేసి కుట్టేశాను. పిల్లలు బొంత తిరగేసి కుట్లు చూడరులే అని.

అప్పుడు తను గుమ్మంలోకి వచ్చి, "దారం చాల్లేదా?" అంది. నేను తలెత్తకుండా, "నేనే లెక్క తప్పాను" అన్నాను.

చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మాట నా నోట ఎప్పుడూ వినలేదు తను. చెప్పుకోవడానికి గొప్పగా లేదూ!

అదక్కయ్యా సంగతి. మీ కోన్లలో తేడా ఏమీ లేదు. పదిహేను వందల మీటర్లకి పదిహేను వందలూ ఉన్నాయి. మీతో ఈ గోలంతా ఎందుకు పెట్టుకున్నానంటే... ఏదో ఒకటి అనుకుంటూ రాకపోతే మెట్లెక్కలేకపోయాను. క్షమించండి.

నాకు కావాల్సింది ఒక్క కోను. ఆ రంగే. కంపెనీ వాళ్ళు ఆపేశారని మొన్న మీరే చెప్పారు. కానీ మీ పై అరలో ఎడమవైపు ఒకటుండాలి, చూపుకని పెట్టింది. ఎండ తగిలి పైపై దారం వెలిసిపోయింది. ఫర్వాలేదు. పైన రెండు మూడు వరసలు లాగి పారేస్తే లోపలి రంగు అలాగే ఉంటుంది, వెలుగు లోపలికి పోదు కదా. సగం పైగా విప్పేసి, వాడేసిన కోనులా చేసి, బీరువాలో వెనకవైపు పడేస్తాను. "అరే, ఇదొకటి మిగిలిందే" అన్నట్టు ఉంటుంది. తను తీసుకుంటుంది. నేను చూడను. మా ఇంట్లో నేను సరిగ్గా చెయ్యగలిగిన దానం ఇదొక్కటే, దొంగిలించుకోనివ్వడం.

ఎల్లుండి లోపల కావాలి. ఈ పొద్దున అంకె పందొమ్మిదివందల అరవై. రెండువేలు దాటితే ఇంటికి పంపేస్తారట. రోజుకి ఇరవై చొప్పున వేసుకుంటే ఎల్లుండి. ఇదీ లెక్కే. ఏం చెయ్యను, అది తప్ప ఇంకేం రాదు.

ఏమిటీ? నేరుగా తమ్ముడి దగ్గరికి వెళ్ళి బొంత ఇచ్చేయకూడదా అంటున్నారా?

ఆ మాట మీరు అంటే ఎలా అక్కయ్యా? ఆ రోజు మీరు ఇక్కడే ఉన్నారు. ఆ గల్లాపెట్టె దగ్గరే కూర్చున్నారు. మర్చిపోయారా? మీరు మర్చిపోయుంటే నాకు ఎంత బాగుండు!

లాడ్జీవాళ్ళ నలభై బొంతలు. ఇటుక రంగు దారం. నేను పలచటి దూది పొర మీద కొలిచి, పన్నెండు కోన్లు చాలన్నాను. వారం తర్వాత లాడ్జీ ఆయన చలి ఎక్కువగా ఉంది, మందం దూది వెయ్యండన్నాడు. దూది మార్చాం. తమ్ముడు అన్నాడు, "అన్నయ్యా, మందం మారింది, ఇంకోసారి కొలువు. పదిహేను దాకా పట్టేట్టుంది" అని. "నాకు నేర్పుతున్నావురా?" అన్నాను. పనివాళ్ళందరూ నవ్వారు. వాడూ నవ్వాడు, మంచివాడు కదా.

ముప్పై రెండో బొంత మధ్యలో దారం అయిపోయింది.

ఇక్కడికే పరిగెత్తుకొచ్చాం, నేనూ వాడూ. కొత్త కోన్ల ఎరుపు పాతదాంతో కలవలేదు. లాడ్జీ ఆయన కూడా ఇక్కడే ఉన్నాడు. "ఏమయ్యా మేస్త్రీ, గ్రాములు గ్రాములంటావు, మూడు కోన్లు తేడానా?" అన్నాడు. ఆరుగురు మనుషులు. అందరూ నా మొహమే చూస్తున్నారు. అప్పుడు నేను... "నా లెక్క సరిగ్గానే ఉందండీ. కోన్లకి కాళ్ళొచ్చి నడిచిపోవు కదా, ఇంట్లోవాళ్ళే కాస్త చూసుకోవాలి" అన్నాను. అని, తమ్ముడి వైపు చూశాను.

చూశాను అంతే. పేరు పెట్టలేదు. పేరు పెట్టలేదని ఆరేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను.

వాడి చేతిలో కొత్త కోన్ల అట్టపెట్టె ఉంది. దాన్ని మెల్లిగా ఈ బల్ల మీద పెట్టాడు. "సరే అన్నయ్యా" అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చొక్కా కోసం కూడా రాలేదు. ఇప్పుడు రెండు వీధుల అవతల కార్ల సీట్లకి కవర్లు కుడుతున్నాడు. నేను ఆ వీధిన పోను. చుట్టు తిరిగి పోతాను.

అసలు మాట ఇంకా చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రమే నేను మళ్ళీ కొలిచానక్కయ్యా. మందం దూది మీద అడుగు కుట్టు వేసి, విప్పి, పరిచి. మూడడుగుల అయిదంగుళాలు వచ్చింది. హెచ్చవేశాను. పదిహేను కోన్లు. వాడు చూపుతో చెప్పింది, నాకు టేపుతో తేలింది. ఆ గుడ్డముక్క మీదే పెన్నుతో రాశాను, మూడడుగుల అయిదంగుళాలు, పదిహేను కోన్లు అని. రాసి, మిషన్ సొరుగులో అడుగున పరిచిన కాయితం కింద పెట్టేశాను.

రేపు చెబుదామనుకున్నాను. రేపటికి వాడు అద్దెకి గది చూసుకున్నాడు. అప్పుడు చెబితే, నిన్నెందుకు చెప్పలేదంటే ఏమనాలి? వారం పోయాక, వారం ఎందుకు ఆగావంటే? రోజురోజుకీ పెరిగింది. ఆరేళ్ళయింది. ఇంత దానికి మాటలు నా దగ్గరెక్కడున్నాయి?

అప్పుడు లెక్క తప్పింది, దొంగతనమన్నాను. ఇప్పుడు నిజంగానే దొంగతనం జరుగుతోంది, లెక్క తప్పిందన్నాను. నాకే నవ్వొస్తోంది చూడండి.

సరే, ఆ కోను దింపండి. నేను స్టూలెక్కనా? ఎడమవైపు, మూడో పెట్టె పక్కన... ఏదీ? అక్కడ లేదే! అక్కయ్యా, అక్కడ లేదు. పోయిన వారం నా కళ్ళతో చూశాను. అమ్మేశారా? ఎవరికి? ఎవరికమ్మారండీ, వాళ్ళింటికెళ్ళి అడుగుతాను. కోనంతా వద్దు, నాలుగు గ్రాములు, నాలుగే నాలుగు...

ఏమిటిది? సంచీ ఎందుకు, నేనడిగింది కోను కదా.

ఇందులోనే ఉందా? అమ్మయ్య. మరి బల్ల కింద ఎందుకు... ఎవరు పెట్టమన్నారు?

మా ఆవిడా?

మంగళవారమా. మంగళవారం కూరగాయలకని వెళ్ళింది... అదే రోజు. నేను బొంత వెతికిన రోజే. మడిచి పెట్టేశానన్నాను చూశారూ, మూలకి మూల కలిపి మడిచుంటాను. చెయ్యి అలవాటు. దాంతోనే తెలిసిపోయుంటుంది... కాదు, మంగళవారం ఇక్కడికొచ్చేసరికి తనింకా దాన్ని చూడలేదే. మరి ఎప్పటినుంచి తెలుసు?

తనే కొనుక్కుపోవచ్చు కదా మరి! ఏమంది? మళ్ళీ చెప్పండి. మెల్లిగా చెప్పండి.

"ఉంచండి వదినగారూ, ఆయనే వస్తారు. వచ్చినప్పుడు ఇది కూడా కలిపి ఇవ్వండి" అందా.

ఏది కలిపి?

ఆగండి, కళ్ళజోడు... ఇదేంటి, గుడ్డముక్క.

ఇది నాదక్కయ్యా.

ఇది ఆ ముక్కే. ఇదిగో నా రాత. సిరా వెలిసింది గానీ కనిపిస్తోంది. మూడడుగుల అయిదంగుళాలు. పదిహేను కోన్లు. సొరుగులో కాయితం కింద... ఆ సొరుగు తను ప్రతి పండక్కీ, కాదు ప్రతి నెలా దులుపుతుంది. ప్రతి నెలా కాయితం మారుస్తుంది. ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా తోచలేదే. ఆరేళ్ళు. ప్రతి నెలా తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టిందా? నాకు రోజూ అన్నం పెడుతూ? కాటాకి జలుబు చేసిందేమో అంటూ?

చుట్టూ అంచు చూడండి. జిగ్‌జాగ్ కుట్టు, దగ్గర దగ్గరగా వేసింది. పోగులు ఊడిపోకుండా. పచ్చి బఠాణీ రంగు దారం.

ఇదీ ఆ అరగ్రాము. ఇక్కడికి పోయింది.

ఇప్పుడు ఇది పట్టుకుని, ఆ సీట్ల షాపు మెట్లెక్కి, వాడి చేతిలో పెట్టాలి. అంతేగా? తను నోరు తెరిచి అడగలేదు, అంచు కుట్టి పంపింది. వాడు దీన్ని ఒక్కసారి చూస్తే చాలు, అర్థమైపోతుంది. వాడికి కొలత చెప్పక్కర్లేదు. తర్వాత నా మొహం చూస్తాడు. "సరే అన్నయ్యా" అంటాడో, ఇంకేమైనా అంటాడో. అసలేమీ అనకపోతే?

వాడు ఎన్నింటిదాకా ఉంటాడు షాపులో? అయిదింటికి ఆసుపత్రికి వెళ్ళిపోతాడా. ఇప్పుడెంతయింది? మూడున్నరేనా. ఇంకా టైముందన్నమాట. టైము లేకపోతే బాగుండేది.

లేస్తానక్కయ్యా. లేద్దామనే చూస్తున్నాను. కాసేపు కూర్చుంటాను. మీ పని మీరు చేసుకోండి.

ఫ్యాను వేసుకోండి. ఇంక తూచేదేం లేదు.